యూదా అప్పగించాడా, అతని చేత చేయించారా?

సందేహం: మత్తయి 26:24లో యేసు తన గురించి 'వ్రాయబడిన ప్రకారము' పోతున్నాడని ఉంది. యోహాను 17:12లో నాశనపుత్రుడు, అంటే యూదా, నశించింది 'లేఖనము నెరవేరునట్లు' అని ఉంది. అంతా ముందే రాసి ఉంటే, యేసును పట్టించిన శిష్యుడు ఇస్కరియోతు యూదాను ద్రోహి అనొచ్చా? 'యూదా అప్పగించాడు' అనే బదులు 'యూదా చేత అప్పగింపజేయబడింది' అని రాయడం న్యాయం కదా?

సమాధానం: అలా రాయకండి. తెలుగు చెవికి అది ఎలాగూ ఎబ్బెట్టే, దాన్ని వదిలేద్దాం. అసలు చిక్కు వేరే ఉంది. చేయించినవాడెవరో చెప్పకుండా ఆ వాక్యం తప్పించుకుంటోంది. ధైర్యంగా 'దేవుడు యూదా చేత ద్రోహం చేయించాడు' అని రాసి చూడండి, ఎంత మాట అన్నామో తెలుస్తుంది. సువార్తలు ఆ మాట అనలేదు. సాతాను యూదాలో ప్రవేశించాడని లూకా రాశాడు, నిజమే. కానీ ఆ వెంటనే వచ్చే ఈ క్రియలకు కర్త యూదాయే: వెళ్ళాడు, మాట్లాడాడు, ఒప్పుకున్నాడు, సమయం కోసం కాచుకున్నాడు.

మీ తికమకంతా 'నట్లు' దగ్గర మొదలైందని నా అనుమానం. 'అందరికీ వినపడేట్టు చెప్పు' అంటే అది ఉద్దేశం. 'గ్లాసు పగిలేట్టు విసిరాడు' అంటే పగలాలనే విసిరాడని కాదు, అది ఫలితం కావచ్చు. 'నెరవేరునట్లు'ను మీరు మొదటి అర్థంలోనే చదివారు. గ్రీకు మూలంలో ఇక్కడ 'నట్లు' స్థానంలో ఉన్న 'హినా' అనే మాట మీద కూడా పండితుల్లో ఇదే పేచీ.

ఇక 'ప్రకారము' కర్తను చెరిపేయదు. మీరు చూపిన మత్తయి వచనమే చివరిదాకా చదవండి. అప్పగించే 'ఆ మనుష్యునికి శ్రమ' (అంటే అయ్యో, వాడికి కీడు) అని అందులోనే ఉంది. రాసి ఉండటం, బాధ్యత రెండూ ఒకే వాక్యంలో ఇమిడాయి. దేవుడికి ముందే తెలిసినంత మాత్రాన మనిషిని బలవంతపెట్టినట్టు కాదని తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీన్ వాదన. అందరూ అంత తేలిగ్గా సమాధానపడలేదు. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు మనిషి స్వేచ్ఛను సమర్థిస్తూ రాస్తే, 1525లో ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ దాన్ని ఘాటుగా ఖండించాడు. తమాషా ఏమిటంటే, మనిషి చిత్తానికి స్వేచ్ఛ లేదన్న ఆ లూథర్ కూడా యూదా ఇష్టపడే ఆ పని చేశాడన్నాడు, ఎవరో మెడలు వంచి చేయించారనలేదు.

'ద్రోహి' అనొచ్చు, లూకా 6:16లో ఆ మాటే ఉంది. 'అప్పగించు'లో మాత్రం స్వతహాగా నింద లేదు. రోమా 8:32లో తండ్రి తన కుమారుణ్ణి మన కోసం 'అప్పగించాడు' అన్నదీ ఆ క్రియే. నింద పుట్టేది ఎవరు, ఎందుకు అప్పగించారన్న దాన్నిబట్టి.

కొందరు 'అప్పగించవలసి వచ్చింది' అని రాస్తున్నారు. అదీ కుదరదు. 'వలసి వచ్చింది' అంటే ఇష్టం లేకపోయినా తప్పలేదని. ప్రధాన యాజకుల దగ్గరికి తనంతట తానే వెళ్ళి, నాకేమిస్తారని అడిగి, 30 వెండి నాణేలు పుచ్చుకున్నవాడికి ఆ క్రియ నప్పదు.