పడక చేరకముందే పగటిని ముగించు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

దీపం ఆర్పాక కూడా మనసు పని మానడం లేదని, ధ్యానానికి కూర్చుంటే రేపటి పనులే కళ్ళముందు తిరుగుతున్నాయని రాశావు. నేనూ ఏళ్ళ తరబడి అదే పొరపాటు చేశాను. పగలంతా పరుగెత్తి, పడక మీద వాలిన మరుక్షణం ప్రశాంతంగా ఉండమని మనసును ఆజ్ఞాపించేదాన్ని. అది మాట వినకపోతే విసుగు రెట్టింపయ్యేది. పగటిని ముగించే పని పడక మీద కాదు, అంతకు గంట ముందే మొదలుకావాలని ఆలస్యంగా తెలుసుకున్నాను.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది ఒక చిన్న నోటుపుస్తకం. పడుకునేముందు అయిదు నిమిషాలు కూర్చుని, రేపు చేయవలసిన పనులను వీలైనంత వివరంగా రాసుకో. 2018లో వెలువడిన బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనంలో 57 మంది యువతీయువకులు పాల్గొనగా, చేయవలసినవి రాసుకున్నవారు, చేసేసినవి రాసుకున్నవారికన్నా సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. కాగితం మీదికి చేరిన పనిని మనసు పదేపదే గుర్తుచేయనక్కరలేదు కదా.

తరువాత ఇంట్లో వెలుతురు తగ్గించి, ఫోనును వేరే గదిలో పెట్టు. నిద్రవేళను శరీరానికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ ప్రకాశవంతమైన కాంతిలో, ముఖ్యంగా నీలికాంతిలో, సరిగా విడుదల కాదు. కాఫీ మధ్యాహ్నంతోనే ఆపడం మంచిది. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది.

ఇప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చుని, ముంజేతి నాడి మీద వేలు ఆనించి ఊపిరిని గమనించు. గాలి పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు నెమ్మదిగా కొట్టుకోవడం చాలామందికి వేలికే తెలుస్తుంది. అందుకే వదిలే ఊపిరిని కొంచెం పొడిగించమంటాను. మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవైసార్లు సాగే శ్వాస, బలవంతం లేకుండా ఆరేడుకు తగ్గితే చాలు; ఊపిరి బిగబట్టవద్దు. మధ్యలో మనసు ఎటో వెళ్ళిపోతుంది. వెళ్ళిందని గుర్తించి, మందలించకుండా మళ్ళీ ఊపిరి దగ్గరకు తీసుకురావడమే సాధన. పదినిమిషాలలో అలా ముప్ఫైసార్లు తిరిగి వచ్చినా నీ సాధన చెడినట్టు కాదు తల్లీ, ముప్ఫైసార్లు చేసినట్టే.

పడుకున్నాక ఎడమకాలి వేళ్ళనుంచి నడినెత్తిదాకా ఒక్కొక్క భాగం మీద ధ్యాస నిలుపుతూ రా. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన, ధ్యానంతో ఒత్తిడిని తగ్గించుకునే శిక్షణలో దీనికి సుమారు ముప్పావుగంట కేటాయిస్తారు. నీకు ప్రస్తుతానికి పదినిమిషాలు చాలు.

ఇరవై నిమిషాలైనట్టనిపించినా నిద్ర రాకపోతే గడియారం చూడకుండా లేచి, మసక వెలుతురులో ఊరికే కూర్చుని, కళ్ళు మూతలు పడుతున్నప్పుడే పడక చేరు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా ఇలాగే సాగుతుంటే మాత్రం వైద్యుణ్ణి తప్పక కలువు.

అన్నీ ఒకేసారి తలకెత్తుకోవద్దు. ఈ రాత్రికి నోటుపుస్తకం ఒక్కటే మొదలుపెట్టి, వారం తరువాత ఎలా ఉందో నాకు రాయి.

నీ అత్తయ్య