మూడున్నరేళ్ల పాప "అది", "ఇది" దాటి మాట్లాడాలంటే

మీ పాప ఫోనులో చూసిన రంగుల పేర్లూ జంతువుల పేర్లూ గడగడా చెబుతున్నా, ఏదైనా కావలసి వచ్చినప్పుడు మాత్రం "అది ఇవ్వు", "అలా చెయ్యి" అని వేలు చూపిస్తోందని రాశారు. బొమ్మ చూసి పేరు చెప్పడం వేరు, అవసరానికి ఆ మాట నోటికి రావడం వేరు. పాపకు లోటుగా ఉన్నవి ముఖ్యంగా క్రియలని నాకు అనిపిస్తోంది.

కనుక వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుని, చేస్తున్న పనిని అప్పటికప్పుడే మాటల్లో చెప్పండి: చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను, గంజి వారుస్తున్నాను, పప్పు మెదుపుతున్నాను. పాప "అది ఇవ్వు" అన్నప్పుడు తప్పు పట్టకుండా, "చిల్లుల గరిటె కావాలా? ఇదిగో" అంటూ అందించండి, తిరిగి పలకమని బలవంతపెట్టకండి. 1978లో సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ ప్రచురించిన పరిశోధనలో, ట్రే అందించమని అడుగుతూ మామూలుగా వాడిన కొత్త రంగు పేరును చిన్నపిల్లలు త్వరగానే కొంత పట్టుకున్నారు, కానీ పూర్తి అర్థం కుదరడానికి చాలా కాలం పట్టింది. అందుచేత ఒకే మాట వేర్వేరు సందర్భాల్లో పదే పదే వినబడాలి.

కథ చదివేటప్పుడు "ఇదేమిటి?" అని మాత్రమే కాక, "కోతి చెట్టెందుకు ఎక్కింది?" అని కూడా అడిగి, జవాబు వచ్చేవరకు ఓపికగా ఆగండి. బడిలో ఇంగ్లీషు ఉందని ఇంట్లో తెలుగు తగ్గించవద్దు. పిలిస్తే పలకకపోవడం, మూడు మాటల వాక్యం కూడా రాకపోవడం గమనిస్తే మాత్రం వినికిడి పరీక్ష వెంటనే చేయించండి.