అమ్మలూ, కారు కంటే ముందు ఎర్తింగ్

అమ్మలూ,

నువ్వు కరెంటు కారు కొంటున్నావనీ, తెనాలి వచ్చినప్పుడల్లా మన పాత ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకుంటావనీ అన్నయ్య ఫోన్ చేశాడు. మన ఇంట్లో సొంత సంపాదనతో కారు కొంటున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. అది వీధిలో అందరికీ చెప్పుకున్నాను. కానీ ఆ ఇంటి వైరింగు తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు.

ఏ కారు, ఏ రంగు అనేది నీ ఇష్టం. దారిలో ఫాస్ట్ ఛార్జింగ్‌కి సీసీఎస్2 పోర్టు (ఫాస్ట్ ఛార్జర్ ప్లగ్గు పట్టే రకం) ఉండాలి, బ్యాటరీ వారంటీ కాగితం పూర్తిగా చదవాలి. అంతే.

కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జర్ సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది. 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే పది గంటల పైమాటే. "గీజరూ అంతే లాగుతుంది కదా మేడమ్" అంటాడు ఎలక్ట్రీషియన్. నమ్మకు. గీజరు పావుగంటో అరగంటో కాగి ఆగిపోతుంది, ఇది తెల్లవార్లూ ఆగదు. వదులు స్క్రూ పావుగంటలో వెచ్చబడితే పది గంటల్లో మాడిపోతుంది. అందుకని మీటరు దగ్గర నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించు. 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల 'టైప్-A' ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్), మంచి 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసెత్తకు. మొదటిరోజు గంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనలేకపోతే వెంటనే ఆపెయ్. తర్వాత గోడకి బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ (వాల్ బాక్స్) కావాలనిపిస్తే 32 ఆంపియర్లకు తగ్గట్టు 6 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి, కరెంటాఫీసులో లోడు కూడా పెంచుకోవాలి.

ఇక అసలు భయం చెప్తాను. పాత ఇళ్ళలో ఎర్తింగ్ గుంత (లీకైన కరెంటు భూమిలోకి దిగే చోటు) ఎండిపోయి ఉంటుంది. ఎర్త్ లేదని ఛార్జర్ ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి, రెండంగుళాల తీగ ముక్కతో న్యూట్రల్‌కీ (కరెంటు వెనక్కి వెళ్ళే తీగ) ఎర్త్‌కీ లూప్ కొడతాడు, అంటే రెంటినీ కలిపేస్తాడు. వెంటనే పచ్చ లైటు! ఐదు నిమిషాల పని, రెండొందలు కూలీ, అందరికీ సంతోషం. వాషింగ్ మెషీన్ల కాలం నుంచీ ఉన్న దరిద్రపు అలవాటిది.

ఏమవుతుందో విను. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిందనుకో. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాను ఆన్‌లోనే ఉంటాయి. వాటిగుండా వచ్చిన ఫేజ్ కరెంటుకి వెనక్కి వెళ్ళే దారి ఉండదు. ఆ లూప్ పట్టుకుని ఎర్త్ పిన్నులోకి, అక్కడి నుంచి కారు బాడీ మీదికి వస్తుంది. కారు రబ్బరు టైర్ల మీద ఉంది కాబట్టి ఏమీ తెలియదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి డోరు పట్టుకున్నవాళ్ళే దానికి దారి. సాకెట్ స్విచ్ ఆపినా లాభం లేదు, అది కరెంటు తెచ్చే ఫేజ్ తీగనే తెంచుతుంది, న్యూట్రల్‌ని కాదు. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు, అంత కొద్దిపాటికి 20 ఆంపియర్ల ఎంసీబీ కదలనైనా కదలదు. లూప్ ఆర్‌సీసీబీ కంటే మీటరు వైపు కొట్టి ఉంటే అదీ పసిగట్టలేదు.

ఎలక్ట్రీషియన్ ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూపించి "ఎర్త్ బాగుంది" అంటాడు. లూప్ ఉన్నా ఆ బల్బు అంతే బాగా వెలుగుతుంది, తల్లీ. వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టించి చూడు. ఇంట్లో లోడు నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు కనిపించడం మామూలే. ఎంత లోడు వేసినా కదలకుండా సున్నా చూపిస్తే సంతోషించకు, లూప్ ఉందేమో సాకెట్ విప్పించి చూడు. కొత్త గుంత తవ్వించి రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేయించి, ఎండాకాలం నీళ్ళు పోయించు. ఎర్త్ టెస్టర్‌లో 5 ఓమ్‌ల లోపు రావాలి.

కోప్పడుతున్నానని అనుకోకు. నువ్వు వానలో చెప్పులు విడిచి తిరిగే పిల్లవి.

ఇంకోటి, మీ నాన్నకి ఇన్వర్టర్ బ్యాటరీ బుద్ధి. ఎప్పుడూ ఫుల్లుగా ఉంచమంటాడు. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారుకైతే ఆ మాట చెల్లుతుంది. దానివి లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఖాళీగా వదిలేస్తే ప్లేట్లు పాడయ్యేవి. 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీ నాటికి లిథియం వచ్చేసింది, దాని తీరు వేరు. లిథియంలోనూ రెండు రకాలు, ఎన్‌ఎంసీ, ఎల్‌ఎఫ్‌పీ. నీ కారుది ఎన్‌ఎంసీ రకమైతే రోజూ 80 శాతం చాలు, మే నెల ఎండలో నిండుగా నింపి రోజుల తరబడి వదలకు. ఎల్‌ఎఫ్‌పీ అయితే కంపెనీ చెప్పినట్టు అప్పుడప్పుడు నూరు దాకా నింపు, లేదంటే డాష్‌బోర్డు శాతం తప్పు చూపిస్తుంది. చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిందంటే పెద్దది నిండుగా ఉన్నా కారు లేవదు, దాన్నీ కనిపెట్టుకుని ఉండు.

హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఛార్జింగ్‌కి సూర్యాపేటలో ఆగు. 80 శాతం దాటాక ఛార్జింగ్ నత్తనడక, కూర్చోకు. బ్యాటరీ 20 శాతానికి పడకముందే ఇంకో ఛార్జర్ ఎక్కడుందో చూసి పెట్టుకో.

ఆదివారం పొద్దున్నే ఎర్త్ టెస్టర్ పట్టుకుని వస్తాను. నేను వచ్చేదాకా ఎలక్ట్రీషియన్‌కి డబ్బులివ్వొద్దని నాన్నకి చెప్పు. పిన్ని నీకోసం గోంగూర పచ్చడి కడుతోంది.

మీ బాబాయి