పాత వీడియో క్యాసెట్లు ఎక్కించేటప్పుడు సాఫ్ట్‌వేర్ కంటే ముందు వీసీఆర్ సంగతి చూడండి

పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే బొమ్మ వణుకుతోంది, టేపు నడిచేకొద్దీ మాట వెనకబడుతోంది, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడిగారు. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చినా ఈ జబ్బు కుదరదు. మా ఇంటి పెళ్లిళ్ల క్యాసెట్లు, పిల్లల క్యాసెట్లు అన్నీ నేనే ఎక్కించాను. ఫలితం బాగుండటమూ చెడటమూ చాలావరకు క్యాసెట్‌ను ఆడించే వీసీఆర్ చేతిలోనే ఉంటుంది.

వీహెచ్ఎస్ (ఇళ్లలో వాడిన మామూలు వీడియో క్యాసెట్) టేపు మీద ఉండేది అనలాగ్ సంకేతం, అంటే అంకెలుగా కాక అలలుగా రాసినది. టేపు కాస్త సాగినా, యంత్రం వేగం కొంచెం అటూ ఇటూ అయినా బొమ్మలోని గీతలు సమయానికి అందవు. పాత టీవీలు ఎలాగో సర్దుకునేవి. వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి చేర్చే చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి అంత ఓపిక ఉండదు. లయ తప్పినప్పుడల్లా కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా రికార్డవుతూ ఉంటుంది, అందుకే తేడా పెరుగుతూ పోతుంది. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, అంటే తప్పిన లయను సరిచేసే పరికరం. కొన్ని ఎస్-వీహెచ్ఎస్ (వీహెచ్ఎస్‌లో మెరుగైన రకం) వీసీఆర్లలో అది లోపలే ఉంటుంది. లేదంటే వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ మధ్య పాత డీవీడీ రికార్డర్ తగిలించండి. అందులో డిస్కు పెట్టక్కర్లేదు, సంకేతం దాని గుండా వెళితే చాలు. అన్ని రికార్డర్లూ ఈ పని చేయవు గానీ, నా దగ్గరున్నది చేసింది, వణుకు దాదాపు పోయింది.

వీసీఆర్‌ను జాగ్రత్తగా చూసుకోండి. కొత్తవి దొరకవు, చివరి వరకూ తయారుచేసిన ఫునాయ్ సంస్థ కూడా 2016లో ఆపేసింది. అందుకే క్యాసెట్ లోపలికి తోసే ముందు దాని కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. నల్లగా, నున్నగా ఉండాలి. తెల్లటి పొడి మచ్చలు కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ను ఆడించకండి, వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లకు అంటుకుని తరువాత పెట్టే వాటికీ పాకుతుంది. శుభ్రంగా ఉన్నదాన్ని ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట బిగువు సమానమవుతుంది. వెన్ను అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఇంకా ఉంటే విరిచేయండి, చెయ్యి జారి రికార్డు బటన్ మీద పడినా ఏమీ చెరగదు.

మీ దగ్గరున్న చిన్న మినీ డీవీ క్యాసెట్ల దారి వేరు. వాటిలో ఉన్నది మొదటినుంచీ డిజిటలే. వీసీఆర్‌కు వాడే పసుపు అనలాగ్ తీగతో ఎక్కిస్తే ఉన్న నాణ్యతను చేజేతులా పోగొట్టుకున్నట్టే. క్యామ్‌కార్డర్ (చేతి వీడియో కెమెరా) నుంచి ఫైర్‌వైర్ అనే డిజిటల్ తీగతో తీసుకోండి, గంటకు సుమారు 13 జీబీ చొప్పున ఉన్నదున్నట్టు వస్తుంది. ఫైర్‌వైర్ పోర్టున్న పాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. ఫైర్‌వైర్‌ను యూఎస్‌బీగా మారుస్తామంటూ అమ్మే చిన్న బుడిపెలు దండగ.

ఇక సాఫ్ట్‌వేర్. విండోస్‌లో వర్చువల్‌డబ్ చాలు. ప్యాల్ (మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) టేపులను 720×576, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) టేపులను 720×480 కొలతలో, ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు విడతల్లో చూపే పద్ధతి) అలాగే ఉంచి, హఫ్‌వైయూవీ వంటి నష్టం లేని పద్ధతిలో తీసుకోండి. డీఇంటర్‌లేస్ చేయడం (ఆ రెండు విడతలను ఒకటిగా మార్చడం), ఇంట్లోవాళ్లకు పంపడానికి చిన్న ఎంపీ4 చేయడం తరువాత తీరిగ్గా చేసుకోవచ్చు. అప్పుడు కూడా అసలు ఫైలును ముట్టుకోకండి, కాపీ మీదే చేయండి. బొమ్మ అడుగున చెదిరినట్టు కనిపించే సన్నటి పట్టీ లోపం కాదు, ఒక హెడ్ నుంచి మరో హెడ్‌కు మారే చోటు అది. వీహెచ్ఎస్ అన్నిటిలోనూ ఉంటుంది.