ఆ కార్డు మీద ఉన్నది ఒలింపిక్

మీ తాతగారి పెట్టెలో దొరికిన పోస్టుకార్డు మీద ‘టైటానిక్’ అని అచ్చయి ఉంది, బొమ్మ నిజంగా దానిదేనా అని అడిగారు కదండీ. స్కాన్ పెద్దది చేసి చూశాను. అది టైటానిక్ కాదు, దాని అక్క ఒలింపిక్, అంటే అదే నమూనాలో అంతకు ముందు కట్టిన ఓడ.

పొగగొట్టాలు లెక్కపెడితే తేలదు, రెండింటికీ నాలుగేసి. లైఫ్‌బోట్లున్న డెక్కుకు సరిగ్గా కింది అంతస్తు చూడండి. అక్కడ షికారు వసారా ఒకటుంటుంది. టైటానిక్‌లో దాని ముందు సగాన్ని అద్దాల కిటికీలతో మూసేశారు, ప్రయాణికుల మీద సముద్రపు జల్లు పడకుండా. ఒలింపిక్‌లో ఆ చివర నుంచి ఈ చివర దాకా తెరిచే ఉంటుంది. మీ కార్డులో అంతా తెరిచే ఉంది. నాకు ఇక సందేహం లేదు.

తేదీ కూడా కొంత చెప్పొచ్చు. బొమ్మలో బోట్లు ముందొక గుంపు, వెనకొక గుంపు, మధ్యలో ఖాళీ. టైటానిక్ మునిగిన ప్రమాదం తర్వాత ఒలింపిక్‌ను 1912 అక్టోబరులో మరమ్మతుకు పంపి, ఆ ఖాళీ కూడా బోట్లతో నింపేశారు. కాబట్టి మీ ఫొటో 1911 జూన్‌లో దాని మొదటి ప్రయాణానికీ ఆ మరమ్మతుకూ మధ్యది అయ్యుండాలి.

అచ్చు పొరపాటు ఎందుకంటారా? టైటానిక్ తొలి ప్రయాణం మొదలుపెట్టిన అయిదో రోజునే మునిగిపోయింది. దాని ఫొటోలు కొద్ది, జనానికి కావలసినవి బోలెడు. చాలామంది ప్రచురణకర్తలు ఒలింపిక్ బొమ్మల కిందే ఆ పేరు వేసి అమ్మారు.

కార్డు వెనక పోస్టాఫీసు ముద్ర ఉంటే దాన్నీ స్కాన్ చేసి పెట్టండి. దయచేసి తుడవొద్దు.