అలాయ్ వీల్స్ కొనే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీవు కొన్న బేస్ మోడల్‌కూ అదే కారు టాప్ మోడల్‌కూ బ్రోచరులో చక్రాల ట్రాక్ 10 మిల్లీమీటర్లు తేడాగా ఉందని, అందులోనూ పెద్ద చక్రాలున్న టాప్ మోడల్‌కే ట్రాక్ తక్కువగా చూపించారని, అది అచ్చుతప్పేమోనని రాశావు. అచ్చుతప్పు కాదు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలుసుకున్న తరువాతే బయటి దుకాణంలో అలాయ్ వీల్స్‌కు బయానా ఇవ్వాలని నా మాట.

ఒకే ఇరుసు మీద ఉన్న రెండు టైర్ల నడిమి గీతల మధ్య దూరమే ట్రాక్. కారు బాడీ, సస్పెన్షన్, హబ్బులు రెండు మోడళ్లలో ఒకటే అయినా చక్రం మారితే ఈ దూరం మారుతుంది. చక్రాన్ని హబ్బుకు ఆనించి బిగించే ముఖం ఒకటి ఉంటుంది కదా, ఆ ముఖం రిమ్ము సరిగ్గా నడిమధ్యన ఉండదు. సాధారణంగా బయటి వైపుకు జరిగి ఉంటుంది. ఎంత జరిగిందో చెప్పేదే ఆఫ్‌సెట్. చక్రం మీద ‘ఈటీ’ అనే రెండక్షరాల పక్కన పోతపోసి ఉండే అంకె అదే; ఐన్‌ప్రెస్‌టీఫ అనే జర్మన్ మాటకు అది పొట్టిరూపం. ఈటీ అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది. ఈ మార్పు రెండు పక్కలా జరుగుతుంది కనుక ఈటీలో 5 మిల్లీమీటర్ల తేడా ట్రాక్‌లో 10 అవుతుంది. నీ బ్రోచరులోని 10 అక్కడి నుంచి వచ్చిందే అయి ఉంటుంది.

మరి కంపెనీ పెద్ద చక్రాన్ని లోపలికి ఎందుకు జరిపింది? నీ రిమ్ము 5జె (అంటే 5 అంగుళాల) వెడల్పు, ఈటీ 45 అనీ, టాప్ మోడల్ రిమ్ము 5.5జె, ఈటీ 50 అనీ అనుకుందాం. అర అంగుళం వెడల్పు పెరిగితే ఇరువైపులా 6.35 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఈటీ మార్చకపోతే బయటి అంచు ఆ 6.35 మొత్తం బయటికి వచ్చేది. 5 మిల్లీమీటర్లు లోపలికి లాగడం వల్ల బయటి అంచు 1.35 మాత్రమే కదిలింది, మిగిలిన 11.35 లోపలి వైపుకు, స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే సస్పెన్షన్ కాడ) ఉన్న దిక్కుకు పోయింది. అంటే మడ్‌గార్డు అంచు దగ్గర టైరు ఎక్కడుండాలో ముందే నిర్ణయించి, లోపల దొరికిన ఖాళీని వాడుకున్నారన్నమాట. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఐదో తరం కారులో ఇది స్పష్టంగా కనబడుతుంది: 15 అంగుళాల చక్రం 6జె ఈటీ 47, 16 అంగుళాలది 6.5జె ఈటీ 50, 17 అంగుళాలది 7జె ఈటీ 54. చక్రం పెద్దదవుతున్న కొద్దీ ట్రాక్ తగ్గుతూ, మొదటిదానికీ చివరిదానికీ 14 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఐరోపా నిబంధనల ప్రకారం చక్రం కేంద్రానికి ముందు 30 డిగ్రీలు, వెనుక 50 డిగ్రీల మేర పైభాగాన్ని మడ్‌గార్డు కప్పి ఉండాలి కనుక, అక్కడ అమ్మే కారుకు టైరును ఇష్టం వచ్చినంత బయటికి తెచ్చే స్వేచ్ఛ లేదు.

ఇది అన్నిటికీ వర్తించే సూత్రమని మాత్రం అనుకోవద్దు. లోపల స్ట్రట్టో, బ్రేకు డిస్కును నొక్కిపట్టే పెద్ద కాలిపరో అడ్డొస్తే చక్రాన్ని బయటికి నెట్టక తప్పదు. అప్పుడు ట్రాక్ పెరుగుతుంది. కొన్ని కార్లలో బాడీనే మార్చుతారు: పోర్షే 911లో 997 తరం కరెరా 4 వెనుక భాగం మామూలు కరెరా కంటే 44 మిల్లీమీటర్లు వెడల్పు. గోల్ఫ్ ఏడో తరంలో తక్కువ శక్తి ఇంజన్లకు వెనుక టార్షన్ బీమ్ ఇరుసు (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), ఎక్కువ శక్తి ఉన్నవాటికి మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రానికి విడి కడ్డీలు) పెట్టారు. ఇరుసే వేరైనప్పుడు వెనుక ట్రాక్ ఒకేలా ఉండాలని అడగలేము. పైగా కొన్ని కంపెనీలు ఈ కొలతను దగ్గరి 5 మిల్లీమీటర్ల గుణిజానికి సర్ది అచ్చువేస్తాయి కనుక బ్రోచరు అంకెను కంసాలి తూకంలా చూడకు.

ఇక దుకాణంవాడు చూపించాడని నీవు రాసిన 6జె, ఈటీ 35 చక్రాల సంగతి. ‘ట్రాక్ పెరుగుతుంది, కారు రోడ్డును పట్టుకుని నడుస్తుంది’ అని అతడు చెప్పిన మాటలో మొదటి సగం నిజమే. ట్రాక్ 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండో సగాన్ని లెక్క వేసి చూద్దాం. కారు 1000 కిలోలు, గురుత్వ కేంద్రం నేలకు 550 మిల్లీమీటర్ల ఎత్తున, ట్రాక్ 1480 అనుకుంటే, గురుత్వ త్వరణంలో సగం తీవ్రతతో మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి సుమారు 186 కిలోల బరువు మారుతుంది. ట్రాక్‌ను 1500 చేస్తే అది 183 అవుతుంది. ఆ మూడు కిలోల లాభం కోసం నీవు ఇచ్చుకునేది ఏమిటంటే, రిమ్ము బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి వచ్చి, నలుగురు ఎక్కి స్పీడ్ బ్రేకరు దాటేటప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోవడం, హబ్బు బేరింగు మీద వంపు బలం పెరగడం, స్టీరింగు స్వభావం మారిపోవడం.

స్టీరింగు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దుకాణాల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం ఏ రేఖ చుట్టూ పక్కకు తిరుగుతుందో, ఆ రేఖను నేల వరకు పొడిగిస్తే అది తాకే చోటుకూ, టైరు నడిమి గీతకూ మధ్య ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. 1972లో వచ్చిన ఆడీ 80లో ఆ రేఖ టైరు నడిమికి బయట పడేలా అమర్చారు. ఒక పక్క బ్రేకు ఎక్కువ పట్టి, మరో పక్క తక్కువ పట్టినా కారు పక్కకు లాగకుండా చక్రాలే సర్దుకోవాలని దాని ఉద్దేశం. ఇలాంటి అమరిక ఉన్న కారుకు చక్రాన్ని 10 మిల్లీమీటర్లు బయటికి తెస్తే, ఇంజనీర్లు లెక్కగట్టి పెట్టుకున్న కొద్దిపాటి దూరం చాలా వరకు కరిగిపోవచ్చు, కొన్నిటిలో తలకిందులు కూడా కావచ్చు. ఆటోనగర్‌లో నేను షెడ్డు నడిపిన రోజుల్లో ఒక కుర్రవాడు బతిమాలితే ఇలాంటి చక్రాలే బిగించి పంపాను. ఏడాది తిరగకముందే ముందు బేరింగు హోరుమంటూ వచ్చాడు; గతుకుల్లో స్టీరింగు చేతిని లాగేస్తోందన్నాడు. తప్పు నాదే. కొలిచి చెప్పవలసినవాణ్ణి, బేరం పోతుందని ఊరుకున్నాను.

నీవు కొలిచే పద్ధతి చెబుతాను. కారును జాకీ మీద నుంచి దించిన వెంటనే కొలవవద్దు. గాలిలో వేలాడినప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుని, దించాక కూడా నేల పట్టు వల్ల అలాగే ఉండిపోతాయి. కొన్ని గజాలు ముందుకు నడిపి, సమంగా ఉన్న సిమెంటు నేల మీద పలుచగా ముగ్గుపిండి చల్లి, కారును దాని మీదుగా నిదానంగా, స్టీరింగు తిప్పకుండా పోనివ్వాలి. ముందు ట్రాక్ కావాలంటే ముందు చక్రాలు మాత్రమే పిండి దాటాక ఆపు. ఎడమ టైరు అచ్చు ఎడమ అంచు నుంచి కుడి టైరు అచ్చు ఎడమ అంచు వరకు టేపుతో కొలిస్తే, రెండు టైర్లూ ఒకే సైజువైతే, అదే నీ ట్రాక్. మీ అమ్మ ముగ్గు డబ్బాకు మాత్రం ముందుగా అనుమతి తీసుకో.

అలాయ్ వీల్స్ కావాలన్న కోరిక పోకపోతే, టాప్ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజు, ఈటీ, టైరు కొలత మూడూ కలిపి తీసుకో. చక్రానికీ హబ్బుకూ మధ్య పెట్టే స్పేసర్ బిళ్లల జోలికి పోవద్దు. చట్టం సంగతి కూడా గుర్తుంచుకో: 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది.

డబ్బు చెల్లించే ముందు ఆ చక్రం వెనుక వైపు పోతపోసిన అంకెలన్నీ ఫొటో తీసి నాకు పంపు. ఆ చక్రం నడిమి రంధ్రం కొలత కూడా రాయి. అది నీ కారు హబ్బుకు సరిపోకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోకపోవచ్చు. బిగించిన తరువాత యాభై కిలోమీటర్లు నడిపి, నట్లను టార్క్ రెంచితో మరోసారి చూసుకో.

ఇట్లు,
మీ మామయ్య