హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నారు... డిపాజిట్ తీయాలా, కొత్త కారు కొనాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట. రెడీమేడ్ బట్టల దుకాణం నడుపుతున్నాను. 2012లో రిజిస్టరయిన పెట్రోలు కారు ఉంది. కొన్ని వారాలుగా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిపోతోంది, కింద మాత్రం చుక్క కనిపించడం లేదు. మొన్న రణస్థలం దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లింది. ఉదయం పూట సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లపొగ చూసి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ దిమ్మెకూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య బిగించే పల్చటి సీలు) పోయిందని, 45 వేలు అవుతుందని మెకానిక్ అన్నారు. ఉన్నదున్నట్టు అమ్మితే 60 వేలు ఇస్తామంటున్నారు. షోరూమ్ వాళ్లు ఏడు లక్షల రుణంతో కొత్తది ఇప్పిస్తామంటున్నారు. అమ్మను నెలకోసారి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 80 వేలది ఒకటి, 70 వేలది ఒకటి డిపాజిట్లు ఉన్నాయి. మొదటిది జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచింది. డిపాజిట్ తీయాలా, నగలు తాకట్టు పెట్టాలా, కొత్త కారు కొనాలా?

జవాబు: ఆ మూడింట్లో ఏదీ ఇప్పుడే చేయకండి. గ్యాస్కెట్ పోయిందని ఇంతవరకు ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు. పొగ చూసి చెప్పిన మాట మీద 45 వేల పనికి ఒప్పుకోవడం నాకు సమ్మతం కాదు. ముందు పరీక్షల కోసం రెండు వేలు పక్కన పెట్టండి. ఈ మొత్తం వ్యవహారంలో మీకు అన్నిటికన్నా ఎక్కువ లాభమిచ్చే ఖర్చు అదే.

చల్లటి ఉదయాల్లో బండి తీయగానే తెల్లపొగ రావడం, ఇంజన్ వేడెక్కాక ఆగిపోవడం మామూలే. అది నీటి ఆవిరి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తూ ఉంటే అనుమానించాలి. కింద చుక్క పడనంత మాత్రాన లీకు లోపలే ఉందనుకోనక్కర్లేదు. హోస్ పైపు దగ్గరో, వాటర్ పంపు దగ్గరో కారిన కూలెంట్ వేడి ఇంజన్ మీద పడి ఆవిరైపోతుంది. హీటర్ వైపు కారితే ముందు సీటు కింది మ్యాటు తడుస్తుంది. రేడియేటర్ మూత పట్టు సడలినా కూలెంట్ తగ్గుతుంది, ఆ మూతకు అయ్యేది కొన్ని వందలు. ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి పూత ఉంటే కూడా వెంటనే బెంబేలు పడకండి. దగ్గర దూరాలే తిరిగే బండికి చెమ్మ వల్ల అలా కడుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల మీద కూడా పాలు కలిసినట్టు కనిపిస్తే సంగతి తీవ్రమైనదే.

రెండు పరీక్షలు అడగండి. మొదటిది కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌కు చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి కొడతారు. పంపు మీది ముల్లు దిగిపోతూ బయట ఎక్కడో తడి కనిపిస్తే అదృష్టం. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే స్పార్క్ ప్లగ్గులు తీసి, ఏ సిలిండర్‌లోకి నీరు చేరిందో చూడాలి. రెండోది, రేడియేటర్ మూతి దగ్గర గాలిని నీలం ద్రవం గుండా పీల్చి చూసే పరీక్ష. ఇంజన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. మీ ఊళ్లో ఈ పనిముట్లు లేకపోతే శ్రీకాకుళంలో పెద్ద వర్క్‌షాపుల్లో అడగండి. బండిని నడుపుకుంటూ కాకుండా, వేరే బండితో లాగించుకుని వెళ్లండి. అల్యూమినియం హెడ్ వేడికి వంగిపోతుంది. గ్యాస్కెట్‌తో పోయే ఖర్చు, ఇంకోసారి వేడెక్కితే హెడ్ దాకా వెళ్తుంది. లీకు ఆపుతాయని అమ్మే పొడులూ ద్రవాలూ పోయకండి, రేడియేటర్ సన్న గొట్టాలు పూడుకుపోతాయి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకండి, ఒళ్లు కాలుతుంది.

లీకు బయటే ఉంటే దుకాణం రాబడిలోంచి కట్టేయండి, డిపాజిట్ల ఊసే వద్దు.

గ్యాస్కెట్టే అని తేలితే, హెడ్ దించకముందే కాగితం మీద రాయించుకోండి: కూలీ ఎంత, గ్యాస్కెట్ సెట్, హెడ్ బోల్టులు, లేత్‌లో ఫేసింగ్ (హెడ్ అడుగును సమంగా చెక్కడం), హెడ్‌లో పగులుందో లేదో చూసే పరీక్ష, కొత్త ఆయిల్, కూలెంట్. పగులు బయటపడి పని ఆపేస్తే విప్పినందుకు ఎంత ఇవ్వాలో కూడా రాయించండి. ఇది చాలామంది మరిచిపోతారు. ఇంజన్ విప్పి బల్ల మీద పెట్టాక బేరమాడే బలం మీకు ఉండదు. నా లెక్కలో మీ గరిష్ఠ పరిమితి 50 వేలు. అంతకు మించితే ఆపేయండి.

50 వేల దాకా ఎందుకంటే, కొత్త కారుకు ఏడు లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 11,260 రూపాయల కిస్తీ, మొత్తం వడ్డీ దాదాపు 2 లక్షల 46 వేలు. 45 వేల మరమ్మతు నాలుగు కిస్తీలకు సమానం. కానీ 2027లో మీ కారుకు పదిహేనేళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఫిట్‌నెస్ తనిఖీ, రుసుము, హరిత పన్ను ఉంటాయి, ఆమోదిస్తే మరో ఐదేళ్లు. అందుకే ఇంత పాత బండి మీద లక్ష పెట్టమని చెప్పలేను. బీమా మీద ఆశ పెట్టుకోకండి. అరుగుదల, యాంత్రిక లోపాలకు మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు.

డబ్బు ఎక్కడినుంచి అంటే, 80 వేలు అమ్మాయివి, వాటిని తాకకండి. నగలూ వద్దు. వ్యాపారంలో ఒక నెల మందగిస్తే తాకట్టు వడ్డీ మీద వడ్డీ పేరుకుంటుంది. 70 వేల డిపాజిట్ మీద రుణం అడగండి. డిపాజిట్ వడ్డీకన్నా 2 శాతం ఎక్కువ తీసుకున్నా, 40 వేలకు ఆరు నెలల్లో మీకు నికరంగా పడే భారం దాదాపు 400 రూపాయలే. డిపాజిట్ చెక్కుచెదరదు.

మరమ్మతు లెక్క పరిమితి దాటితే, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయండి. కొన్నాళ్లు అమ్మగారిని అద్దె కారులో విశాఖకు తీసుకెళ్లండి. నెలకోసారి ప్రయాణానికి అయ్యే బాడుగ 11,260 దాటదు. జూన్ ఫీజు కట్టాక తక్కువ రుణంతో వాడిన బండి చూద్దాం. అమ్మేటప్పుడు యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి, ఆర్‌సీ కొన్నవారి పేరుకు మారేదాకా వెంటపడండి. మీ పేరున ఉన్నంతకాలం ప్రమాదం జరిగితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.